అర పాయింటంటే అంత అలుసా?

డ్రా చేసుకొచ్చిన పిల్లని చూసి "అయ్యో" అనే అలవాటు మనం మానుకోవాలి. సూటిగా ఇదే నా మాట. చెస్ తెలిసినవాళ్ళూ అంటున్నారు, తెలియనివాళ్ళూ అంటున్నారు. ఆ ఒక్క "అయ్యో"లో ఎంత తప్పుడు లెక్క ఉందో, ఎంత అన్యాయం ఉందో కాస్త వివరంగా రాద్దామని ఈ పూట కూర్చున్నాను. చెస్ రానివాళ్ళు "మాకెందుకమ్మా ఈ గోల" అని లేచిపోకండి. ఇందులో బోర్డు మీది సంగతి సగమే. మిగతా సగం మన వంటింటి సంగతే.

ఆదివారం పూట ఏ చెస్ టోర్నమెంటుకైనా వెళ్ళి చూడండి. ఏ కల్యాణ మండపంలోనో, ఏ కాలేజీ హాల్లోనో పెడతారు. ఆట మొదలైతే తల్లిదండ్రుల్ని లోపల ఉండనివ్వరు. బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, వాటి కింద టిఫిన్ డబ్బాలు, మజ్జిగ సీసాలు. తలుపు తెరుచుకుని ఒక పిల్లో పిల్లాడో బయటికి వస్తే చాలు, అందరి నోటా ఒకటే ప్రశ్న: "గెలిచావా?" ఎలా ఆడావని కాదు, ఆకలేస్తోందా అని కాదు. గెలిచానంటే వీపు తడతారు, ఓడిపోయానంటే ఓదారుస్తారో తిడతారో ఏదో ఒకటి చేస్తారు. డ్రా అంటే మాత్రం ఏం చెయ్యాలో ఎవరికీ తోచదు. మొహం అదోలా పెట్టి "అయ్యో, డ్రానా" అంటారు. పెళ్ళిసంబంధం కుదరలేదని విన్నట్టు.

ఒక ఆట సంగతి చెబుతాను. ఇందులో ఆడినవాళ్ళెవరూ పేపర్లో ఫొటో పడేంత గొప్పవాళ్ళు కారు. క్లబ్బుల్లో ఆడుకునే మామూలు స్థాయి మనుషులే. అందుకే చెబుతున్నాను.

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. రేటింగ్ 1480. ఈమధ్య ఆడిన ఒక టోర్నమెంటు ఐదో రౌండులో ఎదురు కూర్చున్నాయన రేటింగ్ 1680. యాభై దాటిన మనిషి, బ్యాంకు ఉద్యోగి. సెలవులు దాచుకుని టోర్నమెంట్లకి వస్తుంటారట. ఒక్కొక్కరికీ గంటన్నర టైము, వేసిన ప్రతి ఎత్తుకీ ఇంకో 30 సెకన్లు కలుస్తాయి. అమ్మాయికి నల్లపావులు. 23వ ఎత్తులో ఆయన గుర్రం వచ్చి ఒకేసారి ఈమె ఏనుగునీ, ఒక బంటునీ పట్టుకుంది. ఏనుగుని తప్పించుకుంటే బంటు పోయింది.

ఒక బంటు తక్కువైతే ఏమవుతుందని అడుగుతారేమో. మన భాషలో చెప్పాలంటే, ఒకటో తారీకునే రెండువేలు తక్కువతో నెల మొదలుపెట్టడం లాంటిది. ఆ రోజు ఏమీ తెలియదు. ఇరవయ్యో తారీకు దాటాక తెలుస్తుంది. చదరంగంలోనూ అంతే. పావులన్నీ ఉన్నప్పుడు ఆ బంటు లేని లోటు కనపడదు. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది ఆ లోటే.

అలాగే అయింది. 52వ ఎత్తుకి బోర్డు మీద మిగిలినవి ఇవీ: ఆయనకి రాజు, ఏనుగు, ఒక బంటు. ఈమెకి రాజు, ఏనుగు. ఆయన బంటు ఐదో వరుసకి వచ్చేసింది. ఇంకో మూడు గళ్ళు నడిస్తే మంత్రి అయి కూర్చుంటుంది. అప్పుడిక ఆట అయిపోయినట్టే.

ఆ రాత్రి అన్నాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద బోర్డు పరిచి, స్కోరు షీటు పక్కన పెట్టుకుని, అమ్మాయి నాకు ఆ ఇరవై ఎత్తులూ చూపించింది. తన రాజుని సరిగ్గా ఆ బంటు దారిలో, చివరి గడిలో కూర్చోబెట్టింది. ఏనుగుని తనవైపు నుంచి లెక్కేస్తే మూడో వరుసలో కాపలా పెట్టింది. ఆ వరుసలోకి ఆయన రాజు అడుగు పెట్టలేడు. ఆయన ఏం చేసినా ఈమె ఏనుగు అదే వరుసలో అటూ ఇటూ తిరుగుతుంది తప్ప గీత దాటదు. విసిగిపోయి చివరికి ఆయన బంటుని ఆ వరుసలోకి తోశారు. తోసిన మరుక్షణం ఈమె ఏనుగు ఆ వరుస వదిలేసి, బోర్డు అవతలి చివరికి పోయి, వెనకనుంచి చెక్ మీద చెక్ చెప్పడం మొదలుపెట్టింది. బంటు ముందుకి వెళ్ళిపోయింది గనక దాని చాటున తలదాచుకోడానికి ఆయన రాజుకి చోటు లేదు. ఎటు జరిగినా చెక్కే.

"ఇందులో కష్టమేముందే, తిప్పుతూ కూర్చోవడమేగా?" అన్నారు మా ఇంటాయన. "ఒక్క ఎత్తు ముందు వెళ్ళినా ఓడిపోతాను నాన్నా, ఒక్క ఎత్తు ఆలస్యమైనా ఓడిపోతాను" అంది. ఈ పద్ధతికి ఫిలిడోర్ పేరు పెట్టారు. ఆయన 18వ శతాబ్దపు ఫ్రెంచివాడు, ఒపేరాలకి సంగీతం కట్టిన మనిషి. చదరంగం మీద ఆయన పుస్తకం 1749లో మొదటిసారి అచ్చయింది. రెండున్నర శతాబ్దాలుగా లోకమంతా నేర్చుకుంటున్న విద్య ఇది. ఓడిపోవాల్సిన ఆటని ఓడిపోకుండా నిలబెట్టే విద్య.

68వ ఎత్తు దగ్గర, అవే పావులు అవే గళ్ళలో మూడోసారి రాబోతున్నాయని అమ్మాయి గమనించింది. అలా మూడుసార్లు వస్తే డ్రా అడిగే హక్కు ఉంటుంది. దానికో పద్ధతుంది. ఎత్తు వెయ్యకూడదు, ముందు షీటు మీద రాయాలి, గడియారం ఆపాలి, అర్బిటర్‌ని పిలవాలి. ఆయన వచ్చి, షీటు చూసి, ఎత్తులు మళ్ళీ వేసి సరిచూశారు. నిజమేనన్నారు. ఇద్దరి షీట్ల మీదా అరా అరా రాశారు. మొత్తం మూడున్నర గంటల పైమాటే.

ఎదుటాయన చెయ్యి కలిపి "బాగా కాపాడుకున్నావమ్మా" అన్నారట. అంతేకాదు, బయట బల్ల దగ్గర పావుగంట కూర్చుని, తను ఎక్కడ గెలిచి ఉండాల్సిందో ఇద్దరూ కలిసి వెతికారు. చేతిలోకి వచ్చిన అర పాయింటు జారిపోయిన మనిషి ఆయన. ఆయనకి లేని బాధ వరండాలో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి వచ్చింది. "డ్రానా? అయ్యో. పర్లేదులే" అందొకావిడ. "అంత పెద్దాయన మీద కూడా గెలవలేకపోయిందా?" అన్నాడొకాయన, నవ్వుతూనే. ఫోన్లో మా అత్తయ్యగారు "అయితే గెలవలేదన్నమాట" అన్నారు. ఒక బంటు తక్కువతో నలభై అయిదు ఎత్తులు నిలబడిన పిల్లకి ఆ రోజు దొరికిన మెప్పంతా ఓడించడానికి కూర్చున్నాయన నోటినుంచే దొరికింది. మనవాళ్ళ నుంచి కాదు.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. "డ్రా అంటే గెలిచినట్టా, ఓడినట్టా, ఒక్క ముక్కలో చెప్పు" అంటారు చాలామంది. ఒక్క ముక్కలో చెప్పలేనిదాన్ని ఒక్క ముక్కలో చెప్పమనడమే మొదటి తప్పు. రేటింగ్ లెక్క చూడండి. ఇద్దరి మధ్యా 200 తేడా ఉంటే, తక్కువ రేటింగ్ ఉన్నవాళ్ళ నుంచి ఆశించేది సుమారు 0.24 పాయింటు. అంటే పావు పాయింటు కూడా పూర్తిగా కాదు. మా అమ్మాయి తెచ్చింది 0.5. ఆశించినదానికి రెట్టింపు. ఆ ఒక్క ఆటకి ఆమెకి దాదాపు 10 రేటింగ్ పాయింట్లు పెరుగుతాయి, ఎదుటాయనకి తగ్గుతాయి. రేటింగ్ పట్టిక మెచ్చుకున్న ఆటని మనం "అయ్యో" అన్నామంటే, పట్టికకి ఉన్న పాటి న్యాయం మనకి లేదన్నమాటేగా!

ఇంకో లెక్క. తొమ్మిది రౌండ్ల టోర్నమెంటులో ఆరు గెలిచి మూడు ఓడినవాళ్ళకి 6 పాయింట్లు. నాలుగు గెలిచి ఐదు డ్రా చేసుకున్నవాళ్ళకి 6.5. రెండో పిల్ల మొదటి పిల్ల కంటే పైన ఉంటుంది. కానీ వరండాలో అడిగే "గెలిచావా"కి రెండో పిల్ల ఐదుసార్లు "లేదు" అని తలదించుకుంటుంది, మొదటి పిల్ల మూడుసార్లే. పైన ఉన్న పిల్లకే ఎక్కువ తలవంపులు!

"డ్రాలతో సరిపెట్టుకుంటే గొప్పవాళ్ళు ఎలా అవుతారు? గెలవాలన్న కసి ఉండాలి. గుకేశ్‌ని చూడండి" అంటారు. సరే, చూద్దాం. చెన్నైలో స్థిరపడిన మన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు, పద్దెనిమిదేళ్ళకి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌తో పద్నాలుగో ఆట. అప్పటికి 6.5, 6.5తో సమానంగా ఉన్నారు. ఆ ఆట కూడా డ్రా అవుతుందనే అంతా అనుకున్నారు. గుకేశ్ వదలకుండా ఆడాడు, 55వ ఎత్తులో డింగ్ ఏనుగుతో తప్పు చేశాడు, గుకేశ్ గెలిచాడు. నిజమే. కానీ మొత్తం లెక్క చూడండి. ఆ పద్నాలుగు ఆటల్లో గుకేశ్ గెలిచినవి మూడు, ఓడినవి రెండు, డ్రా అయినవి తొమ్మిది. అతని 7.5 పాయింట్లలో గెలుపుల నుంచి వచ్చినవి 3, డ్రాల నుంచి వచ్చినవి 4.5. ప్రపంచ కిరీటంలో సగం కంటే ఎక్కువ బంగారం ఈ అర పాయింట్లదే. ఇంకో సంగతి. చివరి ఆటలో అతను డ్రాకి ఒప్పుకోకుండా ఆడింది గుడ్డి పంతంతో కాదు. తన దగ్గర ఒక బంటు ఎక్కువ ఉంది, ఓడిపోయే భయం దాదాపు లేదు. అందుకే ఆడాడు. కసి అంటే అది. ఓడిపోయే చోట తలబాదుకోవడం కాదు.

పెద్దవాళ్ళ ఆటలు ఇంకా ఉన్నాయి. 2018లో లండన్‌లో కార్ల్‌సెన్, కరువానా ప్రపంచ కిరీటం కోసం ఆడిన పన్నెండు మామూలు ఆటలూ డ్రాలే. మొదటి ఆటే 115 ఎత్తులు సాగింది. అంతకుముందు 1984లో మొదలైన కార్పోవ్, కాస్పరోవ్ పోటీలో 48 ఆటలు ఆడితే 40 డ్రాలు. మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి, ఓ బిడ్డ తల్లి అయ్యాక 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయిన మనిషి, 2025 మహిళల ప్రపంచకప్ ఫైనల్లో దివ్యా దేశ్‌ముఖ్‌తో తలపడింది. వాళ్ళ రెండు మామూలు ఆటలూ డ్రానే. ర్యాపిడ్‌లో మొదటిదీ డ్రానే. ఆ తరవాతి ఆటలో దివ్య గెలిచింది. మరి ఆ మూడు డ్రాలనీ చూసి హంపిని గానీ, దివ్యని గానీ "అయ్యో" అని జాలిపడే ధైర్యం ఎవరికుంది? వాళ్ళని ఏమీ అనలేని నోళ్ళు మన ఇంటి పిల్లల మీద మాత్రం లేస్తాయి.

దీనివల్ల జరిగే నష్టం చిన్నదని అనుకోకండి. మా అమ్మాయితో పాటు ఆడే ఒక పిల్ల ఉంది. పన్నెండేళ్ళది. వాళ్ళ నాన్న ఆటకి ముందే కచ్చితంగా చెప్పి పంపిస్తాడు, "ఎవరు అడిగినా డ్రాకి ఒప్పుకోవద్దు, అర్థమైందా" అని. ఒక రౌండులో ఇద్దరికీ సమానంగా ఉన్న ఆటలో ఎదుటి కుర్రాడు డ్రా అడిగాడు. ఈ పిల్లకి ఒప్పుకోవాలనే ఉంది. బోర్డు కూడా ఒప్పుకోమనే చెబుతోంది. నాన్న మాట గుర్తొచ్చి కాదంది. లేని గెలుపు కోసం బంటుల్ని ముందుకి తోసి, వెనక రాజుని ఒంటరిగా వదిలేసి, ఓడిపోయింది. మెట్ల మీద ఆయన అన్న మాట నా చెవుల్తో విన్నాను: "కనీసం డ్రా అయినా చేసుకోవాల్సింది కదే!"

చూశారా? ఓడిపోయాక డ్రా అమృతం. ఓడిపోకముందు అదే విషం. ఇలాంటి తక్కెడలో పిల్లని తూస్తే, ఆ పిల్ల నేర్చుకునేది చదరంగం కాదు. ఏం చేసినా తిట్లేనని నేర్చుకుంటుంది. ఆ పిల్ల ఆ మరుసటి టోర్నమెంటుకి రాలేదు, ఆ తరవాతా రాలేదు. ట్యూషన్లు ఎక్కువయ్యాయన్నారు. అయి ఉండొచ్చు.

ఇక మన సంగతికొస్తాను. ఈ "అయ్యో" చెస్ హాలు దగ్గర పుట్టింది కాదు. మన ఇళ్ళలో పుట్టింది. పడిపోకుండా నిలబెట్టిన పనికి విలువ లేదనే పాత అలవాటులోంచి పుట్టింది. ఆలోచించండి. వచ్చిన జీతంతో ముప్ఫయ్యో తారీకు దాకా అప్పు చెయ్యకుండా గట్టెక్కించిన ఇల్లాలికి ఎవరైనా కప్పు ఇచ్చారా? అత్తగారికి షుగరు పెరగకుండా ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని వండిన వంట ఏ రిజిస్టర్లో రాశారు? పరీక్షల ముందు పిల్లాడికి జ్వరం తగిలితే, ముదరకుండా మూడు రాత్రులు తడిగుడ్డ వేస్తూ కూర్చుంటాం. వాడు పరీక్ష రాసొస్తాడు. మార్కులు వాడివి, మెప్పు మాస్టారిది. జరిగిన మంచికి లెక్క ఉంటుంది. జరగకుండా ఆపిన చెడుకి లెక్క ఉండదు. "రోజంతా ఇంట్లో ఏం చేశావు?" అన్న ప్రశ్నకి మనదగ్గర జవాబు లేకపోవడానికి కారణం ఇదే. చేసిందంతా ఆపడమే. ఆపింది కంటికి కనపడదు.

అలాంటి లోకంలో చదరంగం ఒక్కటి, ఓడిపోకుండా నిలబడ్డ మనిషికి కాగితం మీద అర పాయింటు రాసి ఇస్తుంది. సంతకం పెట్టి, పట్టికలో ఎక్కించి మరీ ఇస్తుంది. మన జీవితంలో మనకెవ్వరూ రాయని అర పాయింటు అది. దాన్ని మన కూతురు చేత్తో పట్టుకుని బయటికి వస్తే, మనమే, ఆ కష్టం ఏమిటో అందరికంటే బాగా తెలిసిన మనమే, "అయ్యో" అంటే ఎలాగమ్మా?

జట్టు ఆటలో ఈ సంగతి ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ఒలింపియాడ్‌లో ఒక్కో దేశానికీ నాలుగు బోర్డులు. ముగ్గురు డ్రా చేసుకుని ఒక్కరు గెలిస్తే 2.5, 1.5తో ఆ జట్టే నెగ్గినట్టు. గెలిచినామె పేరు పేపర్లో వస్తుంది. కానీ మిగతా ముగ్గురిలో ఒక్కరు కాలు జారినా ఆ గెలుపు గెలుపు కాదు, 2-2 అయి ఊరుకుంటుంది. 2022లో మామల్లపురం ఒలింపియాడ్‌కి మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక నిండు నెలలతో వచ్చి ఆడింది. ఆ జట్టు కాంస్యం తెచ్చింది. ఆ కడుపుతో ఆమె బోర్డు ముందు కూర్చున్నప్పుడు "గెలిచావా లేదా" అన్నది ఒక్కటే ప్రశ్న అనుకునేవాళ్ళకి జట్టు అంటే తెలియదు. ఇల్లంటే అసలే తెలియదు.

ఇక్కడ ఒక మాట మీలో కొందరి నోటిదాకా వచ్చి ఉంటుంది. "బాగానే ఉందమ్మా, డ్రా గొప్పదంటున్నావు. ఆడపిల్లల్ని ఎలాగూ సర్దుకుపొమ్మనే కదా అంటారు. నువ్వు కూడా చదరంగం పేరుతో అదే పాట పాడుతున్నావా?"

లేదు. కచ్చితంగా లేదు. సర్దుకుపోవడం వేరు, సమం చెయ్యడం వేరు. ఈ రెంటినీ కలిపేసి మనల్ని చాలాకాలం మోసం చేశారు. "పోరు నష్టం, పొందు లాభం" అన్న సామెత చెప్పి, పొందులో లాభమంతా ఒకరికీ నష్టమంతా ఇంకొకరికీ పంచారు. సర్దుకుపోవడం అంటే ఎదుటివాళ్ళకి ఒకటి, మనకి సున్నా వేసుకుని, దాని మీద "కాపురం సజావుగా ఉంది" అని రాసుకోవడం. చదరంగంలో దాని పేరు రిజైన్. రాజుని పక్కకి పడుకోబెట్టి లేచిపోవడం. డ్రా అలా కాదు. అక్కడ ఇద్దరికీ అరా అరా రాయాల్సిందే. ఒకరికి ముప్పావు, ఇంకొకరికి పావు అంటూ ఉండదు. ఎదుటాయన వయసులో పెద్ద, రేటింగ్‌లో పెద్ద, చేతిలో ఒక బంటు ఎక్కువ. తన దగ్గరున్నదంతా పెట్టి తోశాడు. మా పిల్ల గీత దగ్గర నిలబడి "ఇక్కడి దాకానే" అంది. అది సర్దుకుపోవడమా? పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా "ఇక్కడి దాకానే" అన్న మాట నోట రాక ఇబ్బంది పడుతున్నవాళ్ళు మనలో ఎందరున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

తెలుగు చదువుకున్నదాన్ని గనక ఒక మాట. యుద్ధం ఆపడానికి చేసుకునేదీ సంధే, వ్యాకరణంలో రెండు అక్షరాలు కలిసేదీ సంధే. కలిశాక కూడా రెండు పదాలూ అందులో ఉంటాయి, విడదీసి చూస్తే రెండూ కనపడతాయి. ఒక పదం పూర్తిగా మాయమైపోతే దాన్ని సంధి అనరు. ఇంట్లో గొడవ సద్దుమణిగిందని ఎవరైనా అన్నప్పుడు నేను చూసేది ఇదే. రెండో పదం ఇంకా ఉందా?

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అన్ని డ్రాలూ ఒక్కటి కావు. చివరి రౌండులో ఇద్దరూ ముందే మాట్లాడుకుని, పది పన్నెండు ఎత్తులు మొక్కుబడిగా వేసి, చేతులు కలిపి, ప్రైజు డబ్బు కోసం లేచిపోయేవాళ్ళున్నారు. దాన్ని నేను సమర్థించను. అది ఆట కాదు, బేరం. అలాంటివి ఆపడానికే కొన్ని టోర్నమెంట్లలో ఫలానా ఎత్తుల దాకా డ్రా మాట ఎత్తకూడదని నియమం పెట్టారు. మంచి పనే. కానీ ఆ దొంగ డ్రాల మీద కోపాన్ని, కష్టపడి తెచ్చుకున్న డ్రా మీద చూపించకండి. తేడా ఎలా తెలుస్తుందంటారా? ఫలితం చూస్తే తెలియదు. రెంటి మీదా అరే ఉంటుంది. ఆట చూస్తే తెలుస్తుంది. అందుకే ఆట చూడమంటున్నాను.

చూడటానికి చదరంగం రానక్కర్లేదు. నాకు మాత్రం ఏమొచ్చు? ఏనుగు అడ్డంగా నిలువుగా నడుస్తుందని, శకటు మూలగా నడుస్తుందని తెలుసు, అంతే. పిల్ల బయటికి వచ్చినప్పుడు "గెలిచావా" అని అడగకండి. ముందు మంచినీళ్ళు ఇవ్వండి. ఏదైనా తినిపించండి. తరవాత, ఆ రోజు కాకపోతే మర్నాడు, "ఎక్కడ కష్టమైంది, చూపించు" అనండి. షీటు తెస్తుంది, బోర్డు పరుస్తుంది, మీకు అర్థం కాకపోయినా చెబుతుంది. చెప్పేటప్పుడు ఆ మొహం చూడండి. గెలిచిన ఆటలు మా అమ్మాయి ఐదు నిమిషాల్లో చూపించేస్తుంది. ఈ డ్రా చూపించడానికి గంట పట్టింది. ప్రతి ఎత్తు దగ్గరా ఆగింది, "ఇక్కడ భయమేసింది", "ఇక్కడ నీళ్ళు తాగాను", "ఇక్కడ ఆయన పెన్ను కింద పెట్టారు" అంటూ.

వరండాల్లో మనలాంటి తల్లులే ఎక్కువ ఉంటాం. కాబట్టి ఈ మార్పు ఏ ఫెడరేషనో, ఏ కోచో తేనక్కర్లేదు. పక్క కుర్చీలో ఆవిడ "డ్రానా, అయ్యో" అంటే, "అయ్యో ఏమిటండీ, ఒక బంటు తక్కువతో నిలబెట్టింది" అని గట్టిగా, పిల్లకి వినపడేలా, ఒక్కసారి అనండి. ఆవిడకి కోపం వస్తే రానివ్వండి. ఇంటికొచ్చాక పెద్దవాళ్ళు "గెలవలేదా" అంటే, "ఓడిపోలేదత్తయ్యా, ఓడించనివ్వలేదు" అని చెప్పండి. మా అత్తయ్యగారికి నేను అదే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "అది కూడా తక్కువేం కాదులే" అన్నారు. ఆవిడా ఓ ఇంటిని యాభై ఏళ్ళు నడిపిన మనిషేగా.